గాలి దిగువన: తందూరు మూత

పోయినవారం నేను చేతి సంచీ కూడా దించకుండా మా పెరట్లో తందూరు ముందు కొయ్యబారిపోయిన దగ్గర కథ ఆపాను. ఆ శుక్రవారం పొద్దున బిష్కెక్ నడిబొడ్డున రైసా ల్వోవ్నా అనే ముసలావిడ ఇంటికి వెళ్లాను. ఒకప్పుడు నగరం ప్లాన్లు గీసిన మనిషి. మా కొనుష్ బస్తీకి మంచినీళ్ల గొట్టం వేయబోతున్నాం, పాత పటం చూపిస్తుందని వెళితే, ఆవిడ మా బస్తీ ఉన్నచోట వేలు పెట్టి, ఇక్కడ అసలు ఎవరూ ఉండకూడదమ్మా అంది. కొండల మీంచి వచ్చే గాలి నగరం పొగనంతా తోసుకొచ్చి దించేది ఇక్కడేనట. అందుకే చెట్ల కోసమని ఆకుపచ్చ రంగేసి వదిలేశారట. ఆ ఆకుపచ్చలో ఒక మూల అడ్డగీతలతో చిన్న చదరం ఉంది. అది పశువుల గొయ్యి. దొమ్మ రోగంతో, అదే ఆంత్రాక్స్‌తో, చచ్చిన మందను పూడ్చి, సున్నం పోసి, నాలుగు బోల్టులతో ఇనుప బోర్డు బిగించారట. ఆ రోగం మట్టిలో ఏళ్ల తరబడి చావదట, మనుషులకూ అంటుతుందట. ఆ బోర్డు ఎవరు పీకారో నీకేమైనా తెలుసా అని ఆవిడ నన్నే అడిగింది.

ఇంటికొచ్చి చూస్తే మా తందూరు మూతకు నాలుగు మూలలా నాలుగు చిల్లులున్నాయి.

*

పదిహేడేళ్లుగా ఎత్తి దించుతున్న మూత అది. కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే మా అత్త ఉమ్సునై దాన్ని నా చేతిలో పెట్టి, బరువని విసుక్కోకు, ఇలాంటిది వీధిలో ఇంకెవరికీ లేదు అంది. నిజమే. అందరూ రేకుముక్కలు కొట్టి మూతలు చేసుకుంటే, మాది అసలు సిసలు ఇనుము. దాని అడుగున గరుకుగా గడ్డలు గడ్డలుగా వేళ్లకు తగిలేవి. తుప్పనుకున్నాను. రొట్టెలు కాల్చే ఆడదానికి మూత అడుగున ఏముందో చూసే తీరిక ఎక్కడిది?

ఇసుకా ఇటుకముక్కా తీసుకుని తోమడానికి కూర్చున్నాను. నీళ్లు వాడలేదు. మా బస్తీకి ట్యాంకరు బండి సోమవారం, గురువారం వస్తుంది. ముందురోజు గురువారం అది రాలేదు. పీపాలు అడుగంటాయి. అలాంటప్పుడు మూతకు నీళ్లు పోస్తే వీధి వీధంతా నన్ను నాలుగు తిట్టేది, పైగా నీళ్ల కమిటీకి పెద్దను నేనే. పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. 'నీళ్ల జీపార్' అని ఎగతాళి చేసేవాళ్లు. ఆఖరికి గొట్టాలు వచ్చాయి. గొట్టాలు మావి, తవ్వకం మీది అన్నారు ఆఫీసువాళ్లు. సరే, మేం తవ్వుకుంటాం అని శనివారం పొద్దున్నే అషార్‌కు పిలిచింది కూడా నేనే. ఇంటికొక మనిషి, చేతికొక పార. కూలి ఉండదు, కాగు నిండా పులావు ఉంటుంది. అలా కలిసి తవ్వే కట్టుకున్నాం ఈ మూడువందల నలభై ఇళ్లనీ.

మసి చెక్కుచెక్కుగా లేచొచ్చింది. కింద వెల్డింగుతో పోసిన అక్షరాలు. ముందు ఒక ఏడు కనబడింది, తర్వాత ఐదు. అరగంటకు మొత్తం తేలింది.

తవ్వరాదు. పశువుల గొయ్యి. దొమ్మ. 1957.

నాకు కోపం ముందొస్తుంది, భయం తర్వాత వస్తుంది. ఆ రోజు రెండూ కలిసి వచ్చాయి. నా కూతురు బేగాయిమ్‌కు తొమ్మిదేళ్లు. నవంబరు వస్తే చాలు, పొగకి దాని రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. ఈ మూత కింద కాలిన రొట్టె తినే పెరిగింది. నిప్పుకి అన్నీ కాలిపోతాయిలే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ మా మామగారు ఆ రొట్టె ఏనాడూ ముట్టలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పదిహేడేళ్లలో ఒక్క ముక్క తినలేదు. బజారు రొట్టె కొనితెచ్చుకునేవాడు. ఒకప్పుడు బస్తీకి పెద్దగా చేసిన మనిషి కదా, ఇంటి రొట్టె ఆనదు కాబోలు అని అత్త దెప్పేది. కోడలి చేతి రొట్టె నచ్చలేదు కాబోలని నేను పెళ్లయిన కొత్తల్లో ఏడ్చాను కూడా.

కింది వీధిలో ఠంగ్ ఠంగ్ మని చప్పుడు. సాయంత్రం నాలుగు దాటింది, పొగ అప్పుడే ఇళ్ల మధ్యకు దిగుతోంది, వీధి చివర కనబడటం లేదు. బొగ్గు కొట్టుకునే వేళ అది. నేను పట్టించుకోలేదు.

*

శుక్రవారం నూనె కాచి పిండి వేయిస్తాం. ఆ వాసన చనిపోయినవాళ్లకు చేరుతుందని మా నమ్మకం. చేరి, మమ్మల్ని మరిచిపోలేదని వాళ్లు తృప్తిపడతారని. ఇంటికి పెద్దవాడు రెండు వాక్యాలు చదివి, ఒక్కొక్కరి పేరూ చెబుతాడు. మూతను పెరటి గోడకు ఆనించి లోపలికి వెళ్లి బాణలి పెట్టాను. అలాంటి సమయంలో బోర్‌సోక్‌లు వేయించడమేమిటి, మతి పోయిందా అనుకుంటారు. నాకు ఆ పేర్లు వినాలనిపించింది. ఏ వరసలో చెబుతాడో ఒకసారి చెవిపెట్టి వినాలనిపించింది.

మామగారిని మేం అతా అంటాం. డెబ్బై నాలుగేళ్లు. గోడవార పరుపు మీద కూర్చుని, తెల్ల ఉన్ని టోపీ సర్దుకుని, ముక్కుతో నూనె వాసన పీలుస్తున్నాడు. గుడ్డ పరిచాను, బోర్‌సోక్‌లు కుప్పగా పోశాను, టీ పెట్టాను. బేగాయిమ్‌ను పక్కింటికి ఆడుకోమని పంపేశాను. అతా అరచేతులు పైకి పట్టుకుని చదివి, మెల్లగా పేర్లు మొదలుపెట్టాడు.

మొదటి పేరు షార్షెన్. మా నాన్న.

తర్వాత అతా తల్లి, తండ్రి, అన్నలు. ఆ తర్వాత కట్టుకున్న భార్య. ప్రతి శుక్రవారం ఇదే వరస. వియ్యంకుడంటే ఎంత ప్రాణమో అని నేను పొంగిపోయేదాన్ని. మా అమ్మ దగ్గర గొప్పలు కూడా పోయాను.

"అతా, మా నాన్న పేరు ముందెందుకు చెబుతారు?" అన్నాను.

చేతులు మొహానికి తుడుచుకుంటూ, కొత్తగా అడుగుతున్నావేం అన్నాడు. నేను పెరట్లోకి వెళ్లి మూత ఎత్తుకొచ్చాను. గుడ్డ మీద, బోర్‌సోక్‌ల మధ్యలో, అక్షరాలు పైకి ఉండేలా పెట్టాను. తిండి పెట్టే గుడ్డ మీద అలాంటిది పెట్టడం ఎంత తప్పో నాకు తెలుసు. టీ గిన్నె ఒకటి దొర్లిపోయింది. దాన్ని ఎవరూ ఎత్తలేదు.

అతా దాని వంక చూశాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

"కొట్టంలో గడ్డి కింద దాచాను," అన్నాడు చివరికి. "ఉమ్సునై గడ్డి తీస్తూ చూసింది. అక్షరాలు కనబడకుండా నేను తారు పూశాను కదా, ఇనుము బావుంది, తందూరుకి సరిపోతుందని ఎత్తుకెళ్లింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పలేకపోయాను."

పాతికేళ్లు, నా కంటి ముందే నిప్పు మీద ఉంది అది, అని కూడా అన్నాడు. సరిగ్గా ఇరవై మూడు. కానీ ఆయన లెక్క ఆయనది.

ఆ తర్వాత మొత్తం చెప్పాడు. నేను అడ్డుపడలేదు. తొంభైలో, ఎండాకాలంలో, నగరంలో ఇల్లు లేని కొండవాళ్లందరూ ఈ ఖాళీ నేల మీదికి వచ్చి పడ్డారు. వచ్చినవాళ్లు హాస్టళ్లలో, స్నానాల గదుల్లో, ఇంకొకరి పశువుల కొట్టాల్లో తలదాచుకుంటున్న కుటుంబాలు. నగరంలో ఉండాలంటే గుర్తింపు పుస్తకంలో చిరునామా ముద్ర ఉండాలి, ముద్ర కావాలంటే నగరంలో ఇల్లుండాలి. ఇక ఎక్కడికి పోతారు? అప్పుడు ఇక్కడ దట్టంగా చెట్లు. తాడు పట్టుకుని జాగాలు కొలుస్తుంటే చెట్ల మధ్య ఆ బోర్డు అతా కంటబడింది. మర్నాడు పెద్ద అధికారి వస్తున్నాడు, చూసి సరే అనాలో పొమ్మనాలో తేలుస్తాడు. బోర్డు చూస్తే పొమ్మంటాడు. ఆ రాత్రే ఒక్కడూ పోయి పీకేశాడు. చెట్ల సంగతి సరేసరి, మొదటి చలికాలమే అన్నీ కొట్టి పొయ్యిల్లో పెట్టుకున్నాం. నగరం పొగకి ఉన్న ఒక్క అడ్డూ పోయింది.

జాగాలు చీట్లు వేసి పంచారు. అతా టోపీలోనే చీట్లు. కానీ గొయ్యి ఉన్న జాగా చీటీ టోపీలో వేయలేదట.

"ఒట్టు తల్లీ, వేయలేదు. దాన్ని ఖాళీగా ఉంచుదామనే అనుకున్నాను."

"మరి ఎవరికి పోయింది అది?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "నీకు తెలుసు," అన్నాడు.

నాకు తెలుసు. మూత మీద అక్షరాలు తేలుతున్నప్పుడే నాకు తెలిసి ఉండాలి. చీట్లు అయిపోయిన మూడో రోజున వచ్చాం మేం. నారిన్ నుంచి, లారీ వెనకాల, ఇద్దరు పిల్లలం, అమ్మ నిండు గర్భిణి. జాగాలు అయిపోయాయంటే మా నాన్న వినలేదు. అదుగో అక్కడ ఖాళీగా ఉందిగా అని చూపించాడు. అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. నాకు పన్నెండేళ్లు, అన్నీ గుర్తున్నాయి. అతా చాలాసేపు టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి సరే అన్నాడు. నాన్న ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపాడు.

ఎక్కడో రెండు బారల కింద ఉండి ఉంటుంది, పైన ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందిలే అనుకున్నాడట. తవ్వకుంటే చాలనుకున్నాడట. అందుకని నాన్నకు ఒక మాట చెప్పాడట.

"ఏమని చెప్పారు?"

నేనే చెప్పాను ఆ మాట, ఎందుకంటే నాన్న దాన్ని మాతో వందసార్లు చెప్పి మురిసిపోయాడు.

"లోతుగా తవ్వకు షార్షెన్, నీళ్లు పైనే ఉన్నాయి. అదేగా?"

చుక్క నీళ్లు లేని బస్తీ. అప్పట్లో రెండు మైళ్లు మోసుకొచ్చేవాళ్లం. అలాంటి చోట ఒక మనిషితో నీ ఇంటి కింద నీళ్లు పైనే ఉన్నాయంటే వాడేం చేస్తాడు? ఇల్లు లేవక ముందే బావి మొదలుపెట్టాడు మా నాన్న. పెద్దాయనే చెప్పాడు, నీళ్లు దగ్గర్లోనే ఉన్నాయట, అందరికీ పోద్దాం అని నవ్వుకుంటూ తవ్వాడు. పైన తాడు పట్టుకుని బకెట్లు లాగింది నేను. మూడో రోజు బకెట్‌లో తెల్లటి గడ్డలు వచ్చాయి. సున్నం, మంచి శకునమే, గోడలకు ఖర్చు తప్పింది అని కింద నుంచి అరిచాడు.

వారానికి మణికట్టు మీద నల్లటి పుండు లేచింది. నొప్పి లేదన్నాడు. తర్వాత జ్వరం. ఆసుపత్రి గుమ్మంలో చిరునామా అడిగారు. కొనుష్ అంటే అలాంటి ఊరు పుస్తకంలో లేదు అన్నారు. రెండో ఆసుపత్రిలోనూ అదే మాట. మూడో దాని మెట్ల మీద పోయాడు. రోగపు గొర్రెను కోశాడేమో అని ఎవరో డాక్టరు అన్నాడట. గొర్రె కొనే తాహతు మాకెక్కడిది?

మా తమ్ముడు ఆ నెలలోనే పుట్టాడు. బావి పూడ్చిపెట్టింది అతాయే, మనుషుల్ని పిలిచి, తనే పార పట్టి. పూడ్చిన చోట మా అమ్మ ఆపిల్ మొక్క నాటుకుంది.

"అందుకేనా నన్ను కోడలిగా తెచ్చుకున్నారు?" అన్నాను. బస్తీ పెద్ద తన కొడుక్కి దిక్కులేని విధవరాలి కూతుర్ని అడగడానికి స్వయంగా నడిచి వచ్చాడని ఆ రోజుల్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. దేవుడులాంటి మనిషని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

"నిన్ను కూతురిలా చూసుకున్నాను."

"అది నేనడగలేదు."

అప్పుడు నేను చేయకూడని పని ఇంకొకటి చేశాను. మాలో కోడలు మామగారి పేరు పలకకూడదు. పేరే కాదు, ఆ పేరులా వినిపించే మాట కూడా ఎత్తకూడదు. పదిహేడేళ్లు నేనూ ఎత్తలేదు. ఆ సాయంత్రం మొహం మీదే అన్నాను.

"మీ వల్లే పోయాడు మా నాన్న, ఒమూర్‌కుల్."

కొట్టినా అంత అదిరేవాడు కాదేమో. తల దించేసుకున్నాడు. కోపం తెచ్చుకుంటే నాకు హాయిగా ఉండేది, తెచ్చుకోలేదు. వాసన వస్తోందా వాడికి, ఇన్నేళ్లూ నూనె వాసన చేరిందా అని గొణిగాడు. నన్ను అడిగాడో, తనను తాను ప్రశ్నించుకున్నాడో. బాణలిలో నూనె ఇంకా పొగలు కక్కుతోంది. చూరు కింద నాన్న నిలబడి వింటున్నట్టు అనిపించి, నేను తల తిప్పి చూడలేకపోయాను.

*

మర్నాడు పొద్దున ఎనిమిదికి గొట్టం కాలువ మొదలవ్వాలి. అది మా అమ్మ ఇంటి ముందునుంచే పోతుంది. మా మట్టి చలికి గడ్డకడుతుంది కాబట్టి మనిషి రొమ్ములోతు తవ్వాలి. ఆ చదరం అమ్మ గోడ దాటి వీధిలోకి కూడా వచ్చిందని రైసా ల్వోవ్నా పటంలో నా కళ్లతో చూశాను. ఆపించాలి, ఇప్పుడే అందరికీ చెప్పాలి అన్నాను.

అతా మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నాడు.

"చెబితే గొట్టం రాదు. పట్టాలు రావు. ఇది మనుషులుండే చోటు కాదని మళ్లీ రాసేస్తారు. మూడువందల నలభై ఇళ్లు తల్లీ. ఎక్కడికి పోతారు వీళ్లు? ఒక్క రాత్రి ఆగు. తెల్లారగట్టే నేను వెళ్లి కాలువ అవతలి వైపుకి తిప్పించేస్తాను."

"ఏమని చెప్పి తిప్పిస్తారు?"

ఆయన కళ్లు మూత మీదికి పోయాయి.

"ఇక్కడ నీళ్లు పైనే ఉన్నాయని చెబుతారా?"

చెయ్యి వదిలేశాడు. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నాక్కూడా ఆశ పుట్టింది. పదకొండేళ్లు చెప్పులరిగేలా తిరిగాను. కొళాయి తిప్పితే నీళ్లు ధారగా పడటం బేగాయిమ్ చూడాలని ఎంత కలగన్నానో నాకే తెలుసు. ఒక్క రాత్రి. కాలువ పక్కకి జరిగితే గొయ్యి గొయ్యిగానే ఉంటుంది, నీళ్లూ వస్తాయి, పట్టాలూ వస్తాయి. ఆయన ఇరవై మూడేళ్లుగా ఇలాగే ఆలోచించాడు కాబోలు. నేను రెండు నిమిషాలు ఆలోచించేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

అంతలో వాకిట్లో బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. నా భర్త తాబిల్దీ. ముక్కు ఎర్రబడింది, మొహం వెలిగిపోతోంది. రాత్రికి మంచు పడుతుందన్నారట. నేల బిగుసుకుపోతే రేపు గునపం దిగదని మధ్యాహ్నం నమాజు కాగానే మగవాళ్లందరూ తవ్వకం మొదలుపెట్టేశారట. నాకు చెప్పకుండా సగం పూర్తిచేసి ఆశ్చర్యపరచాలనుకున్నారట. నేను బొగ్గు చప్పుడనుకున్నది అదే.

"అషార్ నువ్వు పిలిస్తే ఆలస్యం చేస్తామా," అని నవ్వాడు. "అత్తమ్మ ఇంటి ముందు నడుములోతు దిగామో లేదో, సున్నం తగిలింది. ఎంతుందనుకున్నావు. ఇక బజార్లో కొననక్కర్లేదు. అందరూ బకెట్లు పట్టుకొచ్చి తోడుకుపోతున్నారు. మనకీ రెండు తెచ్చాను, వాకిట్లో ఉన్నాయి."

అతని బూట్లు చీలమండల దాకా తెల్లగా ఉన్నాయి.

అతా లేవబోయి గోడ పట్టుకున్నాడు. నేను తాబిల్దీ దగ్గరికి వెళ్లి, చేతులు చూపించమన్నాను. ఏమైందే నీకు అంటూనే చాపాడు. కుడిచేతిలో గునపం పట్టి పట్టి బొబ్బలేచి చిట్లిపోయింది. అందులో తెల్లగా పొడి.

గుడ్డ మీద ఉన్న మూతను చూపించాను. అతను చదివాడు. ఒకసారి కాదు, పెదవులు కదుపుతూ రెండుసార్లు. తర్వాత తండ్రి వైపు చూశాడు. మిగిలిన కథ మీ నాన్నే చెబుతాడు, ఆ చెయ్యి దేనికీ తగలనీయకు, బేగాయిమ్‌ను ముట్టుకోకు అని చెప్పి, మూతను చంకన ఇరికించుకుని వీధిలో పడ్డాను.

పొగలో ఎదురింటి గేటు కూడా మసకగానే ఉంది. ఆ మసకలో తెల్లటి బకెట్లు కదులుతున్నాయి. ఒక ఇంటి ముందు ఆడవాళ్లు నవ్వుకుంటూ చెట్ల మొదళ్లకు పూస్తున్నారు. ఇంకో ఇంట్లో నిచ్చెన వేసి గోడకు కొడుతున్నారు. చలికాలానికి ముందు మా వీధిలో ప్రతి ఇంటా ఉండే పనే అది. వదిలేయండి, ముట్టుకోకండి అని అరుస్తూనే పోతున్నాను. నా గొంతు వాళ్లకు పలకరింపులా వినిపించింది కాబోలు, చేతులూపారు. అప్పటికీ నాకు అమ్మ తప్ప ఇంకేమీ గుర్తులేదు.

కాలువ దగ్గర పదిహేనుమంది దాకా ఉన్నారు. నన్ను చూసి ఒకతను, మూత ముందొచ్చింది, తందూరు వెనక నడిచొస్తోందా జీపార్ అన్నాడు. అందరూ నవ్వారు. మూతను మట్టికుప్ప మీద నిలబెట్టాను, అక్షరాలు వాళ్ల వైపు తిప్పి. ఒక పెద్దాయన లాంతరు దగ్గరగా పెట్టి పైకి చదివాడు, ఒక్కొక్క మాటే. చదవడం అయ్యాక ఎవరి గునపం వాళ్ల చేతుల్లోనే ఆగిపోయింది. లోపల ఉన్నవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడుతూ పైకి వచ్చారు. కాలువ గోడలో, సున్నం పొరల మధ్య, ఒక కొమ్ము మొన కనబడుతోంది.

మా అమ్మ కులిపా గేటు లోపల ఉంది. అరవయ్యేళ్ల మనిషి, మోచేతుల దాకా తెలుపు. బావి పూడ్చిన చోట నాటిన ఆపిల్ చెట్టుకు మొదలంతా పూసేసి, ఆఖరి కొమ్మ దగ్గర ఉంది. మీ నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో, మళ్లీ తగిలింది చూడు అంది నన్ను చూడగానే. గడ్డం మీద చుక్క అంటితే చేత్తో తుడుచుకుంది. అప్పుడే వీధిలో వాళ్ల మాటలు ఆమె చెవిన పడ్డట్టున్నాయి. గేటు దాటి వచ్చి, మూత ముందు వంగి, తనంతట తను చదువుకుంది.

లేచి, నా భుజం మీదుగా చూసింది. నా వెనకాలే అతా వచ్చి నిలబడ్డాడు. తల మీద టోపీ లేదు. ఆ మనిషి బోడితలతో వీధిలోకి రావడం ఈ బస్తీలో ఎవరూ చూడలేదు.

"ఇది ఎక్కడిది అన్నయ్యా?" అని అడిగింది అమ్మ, చాలా మెల్లగా.

ఆయన నోరు తెరిచాడు. నాకు ఆ జవాబు అప్పుడు అక్కర్లేదు. అమ్మ చేతుల మీద చర్మం చలికి పగిలి ఉంది, ఆ పగుళ్లన్నీ తెల్లగా నిండిపోయి ఉన్నాయి, నాకు అవే కనబడుతున్నాయి.

"అమ్మా, అవన్నీ తర్వాత. ముందు చేతులు కడుక్కో. సబ్బుతో, మోచేతుల దాకా. ఇప్పుడే."

అమ్మ తన చేతులు చూసుకుంది, తర్వాత గుమ్మం పక్కన బోర్లించిన పీపా వైపు చూసింది.

"నీళ్లెక్కడివి తల్లీ," అంది. "ఉన్నవన్నీ ఈ సున్నంలోనే కలిపేశాను. బండి వచ్చేది సోమవారం కదా."